బుట్టలో పడ్డ మొహం

వీధిలో అందరూ ఆయన్ని ‘నకలు బాబాయ్’ అనేవారు. కాలేజీ ఎదురుగా అగ్గిపెట్టెంత కొట్లో ఇరవై రెండేళ్లుగా జిరాక్సులు తీస్తున్నాడు. పరాయివాళ్ల కాగితమంటే ఆయనకు ప్రాణం. సరిగా పడని కాపీని చించి, ఆ ముక్కలు వాళ్ల చేతికే ఇచ్చేవాడు. “కార్డు కాపీ ఎవరికైనా ఇచ్చేముందు, ఎందుకిస్తున్నావో దాని మీద అడ్డంగా రాయమ్మా” అని అడగనివాళ్లకి కూడా చెప్పేవాడు.

అయితే మిషన్లో ఇంకుపొడి మార్చినప్పుడల్లా మచ్చలు పడుతున్నాయేమో చూసుకోవాలి. ఇంకొకరి కార్డెందుకని తన కార్డే పెట్టేవాడు. మసకగా వస్తే ఉండచుట్టి బుట్టలో వేసేవాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

సంగతి చెల్లెలి అప్పు దగ్గర బయటపడింది. భర్త పోయాక ఇంట్లోనే బట్టలు కుడుతున్న ఆమె ఒక చిన్న కొట్టు చూసుకుంది. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు కొట్టు యజమాని. బ్యాంకు అప్పుకి అన్న హామీ సంతకం కావాలి.

“మీ సంతకం చెల్లదండీ. మీ పేరు మీద రెండు అప్పులున్నాయి, ఏడాదిగా కట్టట్లేదు” అంది బ్యాంకు ఆఫీసరు.

టీ కొట్లో కూడా బాకీ పెట్టని మనిషి.

మెట్లు దిగుతూ చెల్లెలు అడిగింది. “అన్నయ్యా, నిజంగా నువ్వు తీసుకోలేదా?”

మర్నాడు అప్పిచ్చిన సంస్థవాళ్లు చూపిన కార్డు కాపీలో ఎడమ చెంప మీద నల్లటి చార ఉంది. అది తన పాత మిషను గీసిన చార. చూడగానే గుర్తుపట్టి, తన కొట్లో బుట్టలో పారేసిన కాపీని ఎవరో ఏరుకుపోయారని చెప్పాడు.

“మీ కొట్లో తీసిన నకలే కదండీ, నకిలీ ఎలా అవుతుంది?” అని నవ్వాడు గుమాస్తా. గుణింతంలో ఉన్న ఆ కాస్త తేడాకే బాబాయ్ చెప్పులరిగాయి. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. జనం అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థకి దాని కాపీ పంపి, ఆ అప్పులు తనవి కావన్నాడు. తనను అడగకుండా తన పేరిట కొత్త అప్పు పుట్టకుండా తాళం వేయించాడు. రికార్డు శుభ్రపడేసరికి రెండు నెలలైంది. ఈలోగా చెల్లెలు చూసుకున్న కొట్టు చెయ్యి దాటిపోయింది. ఆమె ఇంకోటి, ఇంకా చిన్నది, వెతుక్కుంది.

బ్యాంకులో మళ్లీ కార్డు కాపీ అడిగారు. బాబాయ్ పెన్ను తీసి, కాపీలో తన మొహం మీదుగా అడ్డంగా రాశాడు: ‘నా చెల్లెలి కొట్టు అప్పు హామీకి మాత్రమే.’ కింద తేదీ వేశాడు.

అది చదివి చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఆ రోజు నేనలా అడక్కుండా ఉండాల్సింది అన్నయ్యా.”

“బ్యాంకు నమ్మకపోతే రెండు నెలలు తిరిగి నమ్మించానమ్మా. నువ్వు నమ్మకపోతే ఏ ఆఫీసుకి పోయి ఫిర్యాదు చెయ్యను?” అన్నాడు.