ఉదయశ్రీ చీరలమ్మిన సంగతి

ఎవరి కోడలు అలిగి పోయింది, ఎవరి బర్రె ఈనింది, అన్నీ అడుగుతారు. ఉదయశ్రీ గురించి ఒక్కరైనా అడిగారా? నోళ్లేమైనా కుట్టేసుకున్నారా? కూర్చోండి, చెబుతాను.

మగపిల్లాడని పేరు పెట్టి పెంచితే, నేను ఆడదాన్నని తేల్చి చెప్పి చీర కట్టిన మనిషి ఆమె. మంగళవారం మంగళవారం ఆత్మకూరు బజారులో కొట్టు కొట్టుకూ వెళ్లి, చప్పట్లు కొట్టి దీవించి, ఇచ్చింది తీసుకునేది. ఆమె దీవిస్తే ఆ రోజు బేరాలు బాగుంటాయని వ్యాపారుల నమ్మకం. ఆమె కోరిక మాత్రం వేరే. కొట్టు లోపల నిలబడి, చీర విప్పి చూపించి, తాను అమ్మాలి.

ఆ బజారులోనే బట్టల కొట్టున్న నాగసుబ్బయ్య శెట్టి కొడుకు ప్రదీప్‌కుమార్ ఫోనులో లైవు పెట్టి చీరలు అమ్మడం మొదలుపెట్టాడు. ఉదయశ్రీ పోయి అడిగింది.

"నన్నూ చీరలు అమ్మనీ అప్పా."

"థాయ్‌లాండులో మీలాంటోళ్లు వీడియోల్లో శానా ఫేమస్ అక్కా. ఇట్ల చెయ్యి," అని ఫోను చూపించాడు.

అందులో ఒకామె అందగాణ్ణి చూసి కేకలేస్తూ వెంటపడుతోంది. వాడు పరుగు. వెనక నవ్వులు. ఉదయశ్రీ ఆ వీడియోను వేలితో పైకి తోసింది. ఆ దేశంలోనే అలాంటి ఇంకొకామె, నిమ్మళంగా సబ్బులు అమ్ముతోంది.

"నేను ఈమె మాదిరి చేస్తా."

"దాన్నెవరు చూస్తారక్కా? చప్పట్లు కొడితేనే జనం ఆగుతారు. కొట్టనంటే వేరే మనిషిని పెట్టుకుంటా."

"సముద్రం అవతల గూడా మాకు ఇదే పనా!" అని విసుక్కుంటూనే ఒప్పుకుంది.

లైవు మొదలైంది. రెండు చప్పట్లు కొట్టింది, కొట్టు అదిరేలా. లోపల దోసె తింటున్న శెట్టి చెవిన పడింది. ఎన్నేళ్ల అలవాటో! చెయ్యి కడిగీ కడగక, బనియను మీదే నోటు పట్టుకుని వచ్చి, సరిగ్గా ఫోను ముందు తల వంచాడు.

"దీవించు తల్లీ, బేరాలు బాగా జరగాల."

"నాయనా! ఫోన్లో జనం చూస్తాండారు!"

"చూడనీలేరా, వాళ్లకూ మంచిదే."

ఫోను నిండా నవ్వు బొమ్మలు. అన్నీ శెట్టి మీదే! ఉదయశ్రీ ఆయన తల మీద చెయ్యి పెట్టి నిండుగా దీవించింది.

"ఇంక పక్కకు జరుగు శెట్టీ. నీ పొట్ట వెనక చీర ఉండాది, కనపడల్యా."

చిలకపచ్చ చీర విప్పింది. "అక్కా, కొంగు చూపించు" అని నంద్యాల నుంచి ఎవరో రాశారు. ప్రదీపు చెవిలో గొణిగాడు, "ఇంకోసారి కొట్టక్కా."

"మీ నాయన మళ్లా వస్తాడు. కొట్టమంటావా?"

వాడు ఫోను చీర కొంగు మీదికి తిప్పాడు. ఆ తర్వాత ఆ లైవులో ఎవరూ ఆమెను చప్పట్లు అడగలేదు. రోజూ చీరలే అమ్మింది. ఒక రోజు రాకపోతే "అక్క యాడ?" అని ఆడవాళ్లు ఫోన్లు చేసేవాళ్లు.

పోయిన శ్రావణంలో కామెర్లతో చనిపోయింది. వయసు నలభై ఏడు.