పిడికిట్లో శెనక్కాయ

ఆమె ఎందుకట్ల చేసిందో నాకిప్పటికీ తేలడం లేదు.

బుక్కరాయసముద్రంలో మా మిద్దెపైన గదిని బాడుగకు తీసుకున్న అక్క, ధర్మవరం నేతగాళ్ల బిడ్డ. యూనివర్సిటీలో కేన్సర్ మందుల మీద పరిశోధన చేస్తుండేది. అదేందని ఎవరడిగినా, వాళ్ల వేలు తన పిడికిట్లో బిగించేది.

"నీ వేలు కండె అనుకో. జన్యువులు దారం మాదిరి దానికి చుట్టుకోనుంటాయి. నా పిడికిలి ఒక ప్రోటీన్. ఇది ఆ కండెను ఇట్ల పట్టుకుంటేనే కేన్సర్ పెరుగుతాది."

తర్వాత పిడికిట్లో శెనక్కాయ పెట్టుకునేది. "ఇప్పుడు పెట్టు నీ వేలు. దూరదు గదా? ఇట్లా అడ్డం పడే మందు కోసమే ఎతుకుతాండాం."

నాకు సగమే అర్థమయ్యేది. రక్త కేన్సర్‌తో మంచం పట్టిన మా అమ్మకు మాత్రం అంతా అర్థమైపోయింది. అక్క తన వేలు పట్టి చూపించిన పొద్దు నుంచి పిడికిట్లో శెనక్కాయ పెట్టుకునే పడుకునేది.

నాకు సిగ్గేసింది. "ఆ మందు ఇంకా రాలేదని నువ్వన్నా చెప్పక్కా," అన్నాను.

అక్క మంచం మీద కూర్చుని అమ్మ పిడికిలి విప్పింది. "ఇది పుచ్చిపోయిండాది పెద్దమ్మా," అని సంచిలోంచి మంచి కాయ తీసి పెట్టి, అమ్మ వేళ్లు మెల్లగా మూసింది.

నాకు కోపమొచ్చింది. అంత చదువుకున్న మనిషి, ఇదేం పని?

అమ్మ పోయిన పొద్దు పిడికిలి విప్పితే, మన్ను కూడా ఆరని పచ్చికాయ ఉండాది. అమ్మ మంచం దిగే స్థితిలో లేదు. నేను పెట్టిందీ కాదు.