ల్యాబ్ మామయ్య గుండె గీత

వైర్లకు టంకం పెట్టబోయి వేళ్ళు కాల్చుకోని వారం లేదు కాబట్టి ఆ అమ్మాయిని క్లాసంతా టంకం అనే పిలిచేది. ప్రభుత్వ యూనివర్సిటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్, ఆఖరి సంవత్సరం. గుండె గీతలు గీసే యంత్రం తయారుచేయడం ఆమె ప్రాజెక్టు. మరి పరీక్షించడానికి ఒక గుండె కావాలిగా! అందుకు అటెండరున్నాడు, అందరికీ ల్యాబ్ మామయ్య. పన్నెండేళ్ళుగా ప్రతి బ్యాచ్ ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి వైర్లు అంటించేది. కదలడు మెదలడు, పాపం.

యంత్రం చక్కగా గీసింది. మధ్యలో మాత్రం గీత నాలుగు సెకన్లు చదునుగా సాగి మళ్ళీ లేచింది.

"వైరు వదులైంది. ఆ ముక్క కత్తిరించి మిగతాది రికార్డులో అంటించు" అన్నారు ప్రాజెక్టు చూసే మేడమ్.

వైరు గట్టిగానే ఉంది మరి! పాత బ్యాచ్‌లవాళ్ళు ఏం చేశారో చూద్దామని ఆ సాయంత్రం టంకం ఒక్కతే ల్యాబ్‌లో రికార్డుల బీరువా తెరిచింది. పోయినేడాది రికార్డు చివర కత్తిరించని అసలు కాగితం ఉంది. అందులో మూడున్నర సెకన్ల ఖాళీ, పక్కన పెన్సిల్‌తో "వైరు వదులు". అంతకుముందు ఏడాది మూడు సెకన్లు, "వైరు వదులు". వెనక్కి వెళ్ళేకొద్దీ ఖాళీ చిన్నదవుతోంది. యంత్రాలు వేరు, చేతిరాతలు వేరు, రాసిన మాట ఒక్కటే. ఛీ, ఏం చదువులివి! ఒక్కరైనా పక్క రికార్డు తెరిచి చూశారా? మనిషి గుండె ఏటేటా ఇంకాస్తసేపు ఆగుతుంటే మార్కులు వేయించుకుని పోయారు.

మామయ్య కిటికీలు మూయడానికి లోపలికొచ్చాడు.

"మామయ్యా, నీకెప్పుడైనా కళ్ళు తిరుగుతాయా?"

"అప్పుడప్పుడు లోపల ఏదో ఆగినట్టుంటుందమ్మా. మొదటి బ్యాచ్ పిల్లల్ని అడిగితే వైర్ల వల్లే అన్నారు. చదువుకున్నవాళ్ళు కదా, సరే అనుకున్నా."

"ఇంట్లో ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటుందా?"

ఆయన కిటికీ వదిలేసి ఆమె వైపు తిరిగాడు. టంకం ఆయన్ని కూర్చోబెట్టి మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టుకుంది, కొట్టుకుంది, ఆగింది. ఆమె లోలోపల సెకన్లు లెక్కపెట్టింది. నాలుగు. ఐదు. ఆరు అనబోతుంటే వేళ్ళ కింద మళ్ళీ కదిలింది.

మామయ్య ఖాళీగా ఉన్న తన ఛాతీని తడుముకున్నాడు.

"ఇప్పుడు వైర్లేవీ లేవు కదమ్మా" అన్నాడు భయంగా.

"మేడమ్, ఆసుపత్రికి కారు తీయండి!" అని టంకం పక్క గదిలోకి వినబడేలా గొంతు చించుకుని అరిచింది. ఆయన చేయి మాత్రం వదల్లేదు.