పక్క షీటు

“...అచ్చు ఆపేసి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? పాత షీటు, పాత షీటు అని ప్రాణం తీస్తావు, నేనెక్కడి నుంచి పుట్టించను?”

“పై అర చూడండన్నా. పోయినసారి అక్కడే దొరికింది.”

“పోయినసారి దొరికింది కొండకి ఇవతలి షీటు. ఇప్పుడు నువ్వడిగేది దాని పక్క షీటు. అది లేదు మేస్త్రీ. కొత్తదుంది. నాలుగు రంగుల్లో కడిగిన ముత్యంలా ఉంది. ముందు చూడు, నచ్చకపోతే అప్పుడు పోట్లాడు.”

మ్యాపుల దుకాణాయన కొత్త షీటును బల్ల మీద పరిచి, అంచులు చుట్టుకుపోకుండా మూలల్లో ఇనుప బిళ్లలు పెట్టాడు. తాళాల మేస్త్రీ దాన్ని ఒక్కసారి చూసి మళ్లీ పై అర వంక చూశాడు. వెనకే నిలబడ్డ మేనకోడలు మాత్రం బల్ల మీదికి వంగిపోయింది.

“ఎంత బావుందో చూడు మావయ్యా! నీళ్లు నీలం, అడవి ఆకుపచ్చ, కొండ గీతలు గోధుమ రంగు. నీ పాత షీట్లు చూస్తే ఎవరో తల దువ్వుకుని వెంట్రుకలు రాల్చినట్టుంటాయి.”

“రంగులకేం, మిఠాయి పొట్లానికీ ఉంటాయి.”

“ఈయనకి కొత్తదేదీ గిట్టదమ్మా,” దుకాణాయన నవ్వాడు. “మీ మావయ్యకి ఇవాళ్టి పేపరు కూడా నిన్నటిదే కావాలి.”

మేస్త్రీ కూడా నవ్వాడు. కొత్త షీటే చుట్టించుకుని బయటికొచ్చాడు. అందులో ఆకుపచ్చగా ఉన్న మేరంతటా ఆయనకి ఒక్క గీత కూడా కనపడలేదు.

ఎరుపూ, ఆకుపచ్చా, గోధుమా ఆయన కంటికి ఒకటే. పుట్టుకతో వచ్చిందది. బయటపడింది మాత్రం రైల్వే ఉద్యోగానికి వెళ్లినప్పుడు. కంటి డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి, ఇందులో ఏ అంకె ఉందని అడిగాడు. చుక్కలున్నాయన్నాడు. డాక్టరు పేజీ తిప్పాడు. ఇక్కడా చుక్కలేనన్నాడు. వరసలో నిలబడ్డవాళ్లెవరో కిసుక్కుమన్నారు. సిగ్నళ్ల దగ్గర పని అలా చేజారింది. “ఈ సంగతి గడప దాటనివ్వకు. కంటి దోషం ఉందని పేరు పడితే పిల్లనెవరిస్తారు?” అన్నాడు తండ్రి. గడప దాటలేదు. సొంత అక్కకి కూడా చెప్పలేదు. ఆమె అప్పటికే అత్తారింట్లో ఉంది. బాబాయి దగ్గర తాళాల పని నేర్చుకున్నాడు. తాళం లోపల ఏముందో వేలికొసకి తెలిస్తే చాలు, రంగుతో పని లేదు.

భార్య దగ్గర మాత్రం ఆ రహస్యం ఒక నెల కూడా నిలవలేదు. సంచి నిండా పచ్చి టమోటాలు తెచ్చి పండినవని వాదించాడు. ఆమె మొదట ఎకసెక్కం అనుకుంది, తర్వాత పిసినారితనం అనుకుంది, చివరికి ఒక ఎర్ర జాకెట్టు గుడ్డ, ఒక ఆకుపచ్చది ఎదురుగా పట్టుకుని అడిగింది. అప్పట్నుంచీ ఆయన టమోటాలు నొక్కి చూసి కొంటాడు. మేజోళ్లు ఆమె జతచేసి పెడుతుంది. ఆ మాట ఇంకెవరితోనూ అనదు.

కొండలు ఆయన జీవితంలోకి ఒక ట్రంకు పెట్టెలోంచి వచ్చాయి. ఎవరో తాళంచెవి పోయిందని తెచ్చారు. తీసి చూస్తే అడుగున పరిచిన కాగితం ఒక పాత టోపో షీటు, ఎత్తుపల్లాల మ్యాపు. తెల్ల కాగితం మీద నల్ల సిరా, అంతే. పెట్టె సొంతదారు అక్కర్లేదని వదిలేసి వెళ్లాడు. మేస్త్రీ దాన్ని షాపు గోడకి అంటించి, పని లేనప్పుడల్లా చూస్తూ కూర్చునేవాడు. ఒక్కో గీతా ఒక్కో ఎత్తు. గీతలు దగ్గరపడితే బాగా ఏటవాలు, దూరమైతే చదును. చెప్పేవాళ్లు లేకపోయినా కొన్నాళ్లకి కాగితం మీద కొండ లేచి కనిపించింది. ఒక ఆదివారం వెళ్లి చూస్తే కొండ నిజంగానే అలా ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి భార్యకి చెప్పడానికి ప్రయత్నించాడు కానీ, కొండ కొండలాగే ఉందని చెప్తే ఎవరికేం అర్థమవుతుంది?

తర్వాత ఆదివారాలు ఒకరిద్దరు వెంట రావడం మొదలుపెట్టారు. క్రమంగా అది ఒక గుంపయింది. అడవుల్లో ఎక్కడ దిగాలో, వాగు ఎక్కడ దాటాలో మేస్త్రీయే చెప్పేవాడు. మాకూ మ్యాపు చదవడం నేర్పమని అడిగితే, “నేర్పేదేముంది, నా వెనక రండి,” అనేవాడు. నేర్పడం మొదలుపెడితే ఎవడో ఒకడు రంగు షీటు తెచ్చి మొహం ముందు పరుస్తాడు. అందుకని ఎవరికీ నేర్పలేదు. ఆయన వెనక నడిచేవాళ్లలో మ్యాపు చదవడం వచ్చినవాడు ఒక్కడూ లేడు.

మేనకోడలు మందుల షాపులో పనిచేస్తుంది. కనుమ దాటి అవతలి వైపు నాలుగు రోజులు తిరిగి రావాలని ఆమెకి ఎప్పట్నుంచో కోరిక. అక్కడే పనిచేసే స్నేహితురాళ్లు ఇద్దరు తోడయ్యారు. యజమాని కాళ్లావేళ్లా పడి ముగ్గురూ సెలవులు సంపాదించుకున్నారు. తల్లి ససేమిరా అంది, చివరికి ఒక్క మాట మీద దిగింది: “మా తమ్ముడు ముందు నడిస్తే వెళ్లు. లేదంటే ఆ మాటే ఎత్తకు.” మేస్త్రీ ఒప్పుకున్నాడు. ఆయన దగ్గరున్న పాత షీటులో దారి కళ్లకి కట్టినట్టుంది.

ఒప్పుకున్నాకే తెలిసింది, ఆ దారి ఇప్పుడు నీళ్ల అడుగున ఉందని. కింద ఆనకట్ట కట్టారు. లోయ, వంతెన, కాలిబాట అన్నీ మునిగిపోయాయి. ఇప్పుడు కనుమ ఎక్కాక పక్క కొండ వెన్ను మీదుగా చుట్టి దిగాలి. ఆ కొండ పక్క షీటులో ఉంది. అటువైపు ఆయన ఎన్నడూ వెళ్లలేదు.

కొత్త షీటును ముందు జిరాక్స్ తీయించాడు. రంగు పోతే గీతలు మిగులుతాయని ఆశ. అడవంతా ఒకే నల్ల మచ్చగా వచ్చింది. జిరాక్స్ అతను, “మషిన్ది తప్పు కాదండీ, మీ కాగితమే అంత,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక భోజనాల బల్ల తుడిచి షీటు పరిచాడు. భార్య చేతికి సన్న మొన నల్ల పెన్ను, భూతద్దం ఇచ్చాడు.

“గోధుమ రంగు గీత ఒకటి పట్టుకో. అది ఎటు పోతే అటు పెన్ను పోనియ్యి. అంతే.”

“అంతేనా? ఇదేమన్నా ముగ్గా?”

“ముగ్గులాంటిదే అనుకో.”

ఆమె ముక్కు కాగితానికి ఆనించి మొదలుపెట్టింది. మొదటి గీత బాగా వచ్చింది. రెండోదీ వచ్చింది. మేస్త్రీ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆకుపచ్చ కాగితం మీద కొండ పాదం మెల్లగా తేలుతోంది. ఆయన వేలు పెట్టి, “చూశావా, ఇక్కడ వాగు దిగుతుంది,” అన్నాడు.

“నాకేం కనపడటం లేదు. గీతలే కనపడుతున్నాయి.”

పైకి వెళ్లేకొద్దీ గీతలు ఒత్తుకున్నాయి. ఆమె పెన్ను ఆగి, వెనక్కొచ్చి, మళ్లీ కదిలింది. కాసేపటికి మేస్త్రీ నుదురు ముడిపడింది.

“ఆగాగు. ఇక్కడ కొండ మీద గొయ్యి వచ్చింది.”

“నేను తవ్వానా?”

“ఈ గీత ఆ గీతలో కలిసిపోయింది. ఎత్తు గీతలు రెండు ఎప్పుడూ అలా కలవవు.”

“ఇవి కలిశాయి మరి. ఏం చెయ్యమంటారు, విడాకులిప్పించనా?”

“నవ్వులాట కాదు. సరిగ్గా చూడు. ఏది ఏదో చూడు.”

“అన్నీ ఒక్కలాగే ఉన్నాయండీ. పక్కపక్కన వెంట్రుకల్లా ఉన్నాయి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి ఎప్పుడు జారానో నాకేం తెలుసు?” పెన్ను కింద పెట్టి కళ్లు నలుపుకుంది. “మీకు అర్థమవుతుంది, కనపడదు. నాకు కనపడుతుంది, అర్థం కాదు. ఇద్దరికీ కలిపి ఒక మనిషి కావాలి.”

ఆమె గీసిన చోటు ఇక చెరపడానికి వీల్లేదు. కొండ వెన్ను ఉండాల్సిన చోట నల్లగా ఒక చిక్కుముడి ఉంది. మేస్త్రీ చాలాసేపు దాన్ని చదవడానికి చూశాడు. ఒకసారి అది దిగే దారిలా ఉంది, ఇంకోసారి గోడలా ఉంది. భార్య గిన్నెలు సర్దుకుంటూ, “ఆ పిల్లకి చెప్పెయ్యండి,” అంది.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు మేనకోడలు తాళాల షాపుకి వచ్చింది. కొత్త బూట్లు అలవాటు కావాలని వేసుకునే తిరుగుతోంది. మడమ దగ్గర దూది పెట్టుకుంది.

“మావయ్యా, రొట్టెలు ఎన్ని కట్టమంటావు? నీకూ మేమే మోస్తాం. నువ్వు ముందు నడవాలి కదా, బరువెందుకు?”

ఆయన ఆకురాయి పక్కన పెట్టి, షీటు తీసి బల్ల మీద పరిచాడు. ఆమె సిరా చూసి, “అయ్యో, పాడైందే! ఎవరు గీశారు?” అంది.

“మీ అత్తయ్య.”

“అత్తయ్యా? ఎందుకు?”

“నాకు కనపడవని.”

ఆమె నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగింది. ఆయన చెప్పాడు. చుక్కల పుస్తకం గురించి, పాత షీట్ల గురించి, కొద్ది మాటల్లోనే చెప్పేశాడు. చెప్తున్నంతసేపూ చేతిలో ఎవరిదో తాళంచెవిని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

“అంటే అందుకా, కొత్త షీట్లంటే అంత కోపం!” అంది ఆమె. షీటు తన వైపు తిప్పుకుని, “నేర్పమని ఎన్నిసార్లడిగాను మావయ్యా,” అంది.

“అడిగావు.”

“సరే, అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు నేర్పు. నేను చూసి చెప్తా, నువ్వు విని చెప్పు. అమ్మకి ఈ గొడవంతా ఎందుకు? ముందు నువ్వే నడువు.”

ఆయన ఆ మాట కాదనలేకపోయాడు. సిరా పడని పక్క చూపించి అడిగాడు. “కనుమ దాటావు. మంచు కమ్మింది. పది అడుగుల అవతల ఏమీ కనపడదు. ఎటు దిగుతావు?”

ఆమె వేలు పెట్టి ఒక దారి చూపించింది. “ఇలా. ఇక్కడ గీతలు మొన తేలి ఉన్నాయి. ఇది కొండ వెన్నే.”

“మొనలు ఎత్తు వైపు చూస్తున్నాయా, పల్లం వైపా?”

“పైకి.”

“పైకంటే కాగితం పైకి కాదు. ఎత్తు వైపుకా?”

“ఎత్తు ఎటో ఎలా తెలుస్తుంది?”

“గీత మధ్యలో అంకెలుంటాయి. చదువు.”

“ఇక్కడ ఒకటుంది... తలకిందులుగా ఉంది. ఆరొందలో, తొమ్మిదొందలో. దీని పక్కన లేవు.” ఆమె వేలు జరిగింది. “మావయ్యా, మొన ఎత్తు వైపుంటే వెన్నా, వాగా?”

“వాగు. నీళ్లు కోసుకుంటూ దిగిన గండి. అందులోకి దిగితే మళ్లీ ఎక్కలేం.”

“అయితే ఇది వాగేమో. ఉండు... కాదు, వెన్నే. నువ్వు చూడు, నా వేలు కిందే ఉంది కదా.”

ఆయన వంగి చూశాడు. ఆమె గోరు కింద చదునైన కాగితం ఉంది. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

“దారిలో సర్దుకుంటాం మావయ్యా,” అంది ఆమె నెమ్మదిగా. “ముగ్గురం చూస్తాం. మూడు జతల కళ్లు.”

ఆయన షీటు చుట్టలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్లి ఫోను తీశాడు. అవతల ఆయన అక్క వెంటనే ఎత్తింది. ఆమె గొంతు షాపంతా వినిపించింది.

“ఒరేయ్ తమ్ముడూ, నూరేళ్లాయుష్షు నీకు! ఇప్పుడే పక్కింటావిడతో అంటున్నా, మా వాడు ముందుంటే పిల్లని పాతాళానికైనా పంపిస్తానని. అది మందపాటి స్వెటరు వద్దని మొండికేస్తోంది. నువ్వు గట్టిగా చెప్పు. నీ మాటైతే వింటుంది.”

మేనకోడలు లేచి నిలబడింది. వద్దని చెయ్యి ఊపింది.

“అక్కా,” అన్నాడు మేస్త్రీ. “నేను తీసుకెళ్లడం లేదు.”