గీతలు అరగదీసిన తుపాకీ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తరువాతి చలికాలంలో, దోహాలో ఒక ఖతారీ కుటుంబం తమ పాత ఆయుధాల సేకరణ చూసుకోవడానికి నన్ను ఆర్మరర్‌గా తీసుకుంది. ఆర్మరర్ అంటే తుపాకులు విప్పి, బాగుచేసి, పేల్చి పరీక్షించేవాడు. సైన్యంలో హవల్దార్‌గా రిటైరయ్యేదాకా నేను చేసిన పని అదే. వర్క్‌షాప్ అల్ వుకైర్ అనే ఊరు దాటాక వాళ్ళ తోటలో ఉండేది. నా కింద పనిచేసేది జగిత్యాల యూసుఫ్ ఒక్కడే.

యజమాని ముందుగా అప్పగించింది ఒత్తితో పేల్చే పొడవాటి తుపాకీ. అది ఆయన తాతది. మనవడి పెళ్ళిలో దాన్ని తన చేత్తో పేల్చాలని యజమాని తండ్రి కోరిక. ఆయనకప్పటికే చూపు పోయింది.

గొట్టంలోకి కడ్డీ దించి, పాత మందు మిగల్లేదని చూసుకున్నాం. పగుళ్ళూ లేవు. గొట్టం మొదట్లో మాత్రం కొన్ని లోతైన గీతలున్నాయి. సైన్యంలో తనిఖీ రోజున ఆయుధం మీద గీత ఉంటే తప్పు కింద రాస్తారు. ఆ అలవాటు కొద్దీ, పైనున్న గోధుమరంగు పొరతో సహా వాటిని ఎమరీ పేపర్‌తో అరగదీయమని యూసుఫ్‌కు చెప్పాను. అద్దంలా చేసి తెచ్చాడు.

"ఇగ దీంట్ల మొఖం చూసుకుంట గడ్డం గీసుకోవచ్చు సార్," అన్నాడు. నేనూ నవ్వాను.

తుపాకీని చట్రానికి కట్టి, సగం మందు వేసి, గోడ వెనకనుంచి తాడు లాగి పేల్చాం. బాగా పేలింది.

మర్నాడు దాన్ని పెద్దాయన ఒడిలో పెట్టారు. ఆయన బొటనవేలు గొట్టం మొదట్లో ఏదో వెతికింది. కాసేపటికి తుపాకీని పక్కకు నెట్టేశారు. ఇది మాది కాదంటున్నారని కొడుకు చెప్పాడు. ఆ గీతలు వాళ్ళ ఒంటెలకు వేసే వాత గుర్తు. పెద్దాయన తండ్రి ఆకురాయితో స్వయంగా చెక్కినవి. అసలుది అమ్మేసి నకలు పెట్టారని వాళ్ళ అనుమానం. కాదనడానికి మిగిలిన ఒక్క ఆనవాలునూ నేనే తీయించేశాను.

గొట్టం మీద పనిచేసిందెవరని యజమాని అడిగాడు.

"యూసుఫ్," అన్నాను.

అది అబద్ధం కాదు. చేయమన్నదెవరో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. యూసుఫ్ నా వైపు చూస్తూ నిలబడ్డాడు. పోలీసుల దాకా వెళ్ళకుండా, అతని వీసా రద్దుచేసి వారంలోపే ఇంటికి పంపేశారు. పెళ్ళిలో ఆ తుపాకీ పేలలేదు.

ఏడాది తరువాత, పని మానేసే రోజున యజమానికి అంతా చెప్పాను. నమ్మాడు. తండ్రి పోయారనీ, తుపాకీ దొంగలపాలైందనుకుంటూనే పోయారనీ అన్నాడు.

యూసుఫ్‌కు ఫోన్ చేశాను. యజమానికి నిజం చెప్పానన్నాను.

"దుబాయ్ల తుపాకీ దొంగతనం చేసిండని ఊరంత అనుకున్నంక, గిప్పుడు చెప్తే ఏమైతది సార్? ఆ దినం నా పక్కకే ఉంటిరి గద," అన్నాడు. మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

ఈ పనిలోకి వచ్చేవారికి చెప్పగలిగింది ఇది. పాత ఆయుధం మీద గీత కనిపిస్తే, అది దేనిదో ఇంటివాళ్ళను అడిగేదాకా ముట్టుకోకూడదు. అరగదీసిన ఇనుమును తిరిగి పెట్టే పద్ధతి ఏదీ లేదు. ఎవరు చేశారని అడిగినప్పుడు, చేయించినవాడు ముందు తన పేరు చెప్పాలి. ఏడాది ఆగి చెబితే అది ఎవరికీ పనికిరాదు.