పడిపోయిన సిపాయిలకు కళ్ళు

1759లో ఏలూరు మీదుగా బందరు కోట మీదికి నడిచిన ఇంగ్లీషు సైన్యానికి మా తాతయ్య ఇస్సాకు లేకపోతే ఒంటి మీద గుడ్డ ఉండేది కాదు. ఎర్ర కోట్లు ఆయనే తొడిగాడు. ఎదురు నిలబడ్డ ఫ్రెంచివాళ్ళకి తెల్ల కోట్లూ ఆయనే తొడిగాడు. రెండు పక్షాలకీ దర్జీ ఒక్కడే అయిన యుద్ధం చరిత్రలో ఇంకోటి ఉంటే చూపించండి. నేను పదో తరగతి తప్పినదాన్నే, అయినా చూపించలేరని పందెం.

ఆ సైనికులు బొటనవేలంత సీసం బొమ్మలు. విశాఖపట్నంలో నరసింహమూర్తి గారని ఒకాయన, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, స్నేహితులతో కలిసి బల్ల మీద కొండలూ ఊళ్ళూ పరిచి, ఈ బొమ్మలతో పాత యుద్ధాలు మళ్ళీ ఆడేవారు. పాచికలు వేసి ఎవరు చచ్చారో తేల్చేవారు. క్రిస్మస్ రోజుల్లో ఏదో పని మీద తాడేపల్లిగూడెం వచ్చి, మా చర్చిలో పశువుల పాక ముందు నిలబడ్డ గొల్లల బొమ్మలను చూశారు. వాటికి రంగులు వేసింది తాతయ్య. "ఈ చెయ్యి నాకు కావాలండీ" అన్నారట. అప్పటినుంచి సిపాయిలు పార్సిల్లో బోసిగా వచ్చి ముస్తాబై వెళ్ళేవారు. ఏ పటాలానికి ఏ రంగో ఆయన రాసి పంపేవారు. మొహాలు మాత్రం తాతయ్య ఇష్టం. ఒక ఫ్రెంచి కల్నల్‌కి మా పాస్టరు గారి మీసం పెట్టాడు. పాస్టరు గారికి ఇప్పటికీ తెలియదు.

అంతకుముందు తాతయ్య పని సైన్‌బోర్డులు, సమాధుల తోటలో సిలువల మీద పేర్లు. సన్న గీత కావాలంటే బ్రష్షు కొసని పెదాల మధ్య పెట్టి సూదిలా చేస్తాడు. "మీరు మింగిన రంగుతో ఒక గది వేయొచ్చండీ" అనేది నాయనమ్మ హన్నమ్మ. కానీ సమాధుల బ్రష్షు వేరు. అది ఒక పాత పౌడరు డబ్బాలో ఒంటరిగా ఉంటుంది. దాన్ని నోటికి తాకించడు. పోయినవాళ్ళకి తప్ప బయటికి తియ్యడు.

2002 వేసవిలో వచ్చిన పార్సిల్లో నేల మీద పడిపోయిన సిపాయిలు ఉన్నారు. ఆటలో ఒక దళం దెబ్బతింటే గుర్తుగా దాని పక్కన పడుకోబెట్టే బొమ్మలవి. చచ్చినవాళ్ళంటే పౌడరు డబ్బా మూత తియ్యాలి. అప్పుడు మా బాబాయి నెల్సన్ రాజస్థాన్ సరిహద్దులో ఉన్నాడు. ఇంటికో సిపాయి ఉండే పక్కూరు మాధవరం కుర్రాళ్ళతో కలిసి సెలక్షన్‌కి వెళ్ళి సైన్యంలో చేరాడు. ఆ ఏడాది పాకిస్తాన్‌తో యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుండేది. అతని దగ్గర్నుంచి ఫోను వచ్చి చాలా రోజులైంది.

"ఏవండీ, పిల్లోడు అక్కడుండగా ఆ డబ్బా ముట్టుకోకండి" అంది నాయనమ్మ.

"ముట్టుకోనులే."

నరసింహమూర్తి గారు పక్కింటికి ఫోను చేస్తే తాతయ్య ఒకసారి జ్వరమన్నాడు, ఇంకోసారి రంగు దొరకలేదన్నాడు. అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. ఫోనులో కనబడవు కాబట్టి సరిపోయింది.

వానాకాలంలో తాతయ్యే మిలిటరీ ఆస్పత్రికి వెళ్ళి బాబాయిని తీసుకొచ్చాడు. మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. బాబాయి రోజంతా వసారాలో తాతయ్య పనిబల్ల పక్కన కూర్చునేవాడు. ఒకరోజు కిటికీ గూట్లో రంగు లేకుండా పడున్న సిపాయిలను చూశాడు.

"వీళ్ళనెందుకు వదిలేశారు నాన్నా?"

"వాళ్ళకి వేరే బ్రష్షు కావాల్రా."

ఆ డబ్బా సంగతి బాబాయికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఒక బొమ్మని అరచేతిలో పెట్టుకున్నాడు.

"చచ్చారని ఎవరు చెప్పారు? నేనూ ఇలాగే పడున్నాను, ఎండెక్కేదాకా. పాతర్ల మధ్యలోకి ఎవడొస్తాడు? గట్టు మీద నిలబడ్డవాళ్ళందర్నీ చూస్తూనే ఉన్నాను."

తాతయ్య మామూలు బ్రష్షే తీశాడు. కొస పెదాల మధ్య పెట్టి సూదిలా చేశాడు. తర్వాత పడిపోయిన ప్రతి సిపాయికీ కళ్ళు తెరిచి వేశాడు.

పార్సిలు అందగానే నరసింహమూర్తి గారు ఫోను చేశారు. "పని బ్రహ్మాండమండీ ఇస్సాకు గారూ. కానీ చచ్చినవాళ్ళు నన్నే చూస్తున్నారేంటండీ? వెనక్కి పంపుతాను, కాస్త కళ్ళు మూసెయ్యండి."

"చూసేవాళ్ళ కళ్ళు ఎలా మూస్తానండీ" అన్నాడు తాతయ్య. ఈసారి చెవులు ఎర్రబడలేదు. పార్సిళ్ళు మాత్రం ఆగిపోయాయి.

బాబాయి పెట్టుడు కాలు వేసుకుని కలిదిండి దగ్గర చేపల చెరువుకి కాపలా కుదిరాడు. 2007 వానల్లో గట్టు మీద కాలు జారి చెరువులో పడ్డాడు. మందుపాతర్ల మధ్య బతికినవాడు నడుం లోతు నీళ్ళలో పోయాడు. పొద్దున చేపలకి మేత వెయ్యడానికి వచ్చినవాళ్ళు చూసి కబురు పంపారు. తాతయ్య పౌడరు డబ్బా తీసి, సిలువ మీద పేరు తనే రాశాడు. గీత ఎక్కడా వణకలేదు. ఆ తర్వాత ఏ బ్రష్షూ ముట్టుకోలేదు.

ఇదంతా రాసి ఆయనకి చదివి వినిపించాను. దర్జీ మాట దగ్గర నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"ఏం సేనాపతి గారూ, తప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"వాళ్ళకి కళ్ళు తెరిచి వేశానని రాశావు" అన్నాడు. "మీ బాబాయికి మూసింది కూడా నేనే. అది రాయవే."