బొంబాయి రోడ్డు, అక్క ముఖం

మొన్న మా మనవడికి టీకా వేయించడానికి కోడలితో కలిసి పిల్లల దవాఖానకు వెళ్ళాను. సూది గుచ్చగానే ఏడుపు అందుకుంటాడనుకున్నాం గానీ, వాడు ముందు గిరుక్కున తల తిప్పి తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు చెమర్చడం చూశాకే బావురుమన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం నలభై ఏళ్ళ కిందట మా అక్క కూతురు అచ్చం అలాగే తల తిప్పి చూసిన చూపు గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

ఎనభైలు మొదలైన కొత్తలో జహీరాబాద్‌లో మా ఇల్లు బొంబాయి రోడ్డును ఆనుకునే ఉండేది. వాకిట్లో అల్లం కుప్ప పోస్తే లారీల దుమ్మంతా దాని మీదే పడేది. మా బావ లారీ నడిపేవాడు. బొంబాయిలో సరుకు దింపి తిరిగి వస్తూ, చిరాగ్‌పల్లి దాటి ఇంకాసేపట్లో ఇల్లు చేరతాడనగా ఎదురుగా వచ్చిన మరో లారీ ఢీకొని అక్కడికక్కడే పోయాడు. అప్పటికి పాప ఇంకా బోర్లా కూడా పడలేదు. అక్క బిడ్డనెత్తుకుని మా ఇంటికి వచ్చేసింది.

అక్క ఏడ్చేది కాదు. ఎప్పుడైనా రోడ్డు మీద లారీ చప్పుడైతే చేస్తున్న పని ఆపేసి, ముఖంలో నెత్తురు చుక్క లేనట్టు తెల్లబడి, గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయేది. పాప పాకే వయసు వచ్చేసరికి ఒక సంగతి మొదలైంది. లారీ వస్తే ముందు చప్పుడు వైపు చూసేది, తరువాత తల్లి ముఖం చూసేది, ఆ వెంటనే కొయ్యలా బిగుసుకుని కెవ్వుమనేది. చెరుకు లారీల కాలం వచ్చాక పొద్దంతా అదే ఏడుపు. పాలు ముట్టక, అన్నం మింగక బిడ్డ చిక్కి సగమైంది. బీదర్ వైపు నుంచి కోడలిగా వచ్చిన మా నాయనమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. డాక్టరు చెవులు చూసి ఏ లోపమూ లేదన్నాడు.

ఒకనాడు అక్క స్నానానికి వెళ్తూ పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టింది. అంతలో ఒక లారీ హారన్ మోగిస్తూ పోయింది. పాప తల్లి కోసం చూసి, కనబడకపోయేసరికి నా ముఖంలోకి చూసింది. నేను రేగుపళ్ళు తింటూ ఏదో పరధ్యానంలో ఉన్నాను. పాప కాసేపు అలాగే చూసి, ఏమీ జరగనట్టు చేతిలోని గరిటెతో నేలను కొట్టుకోసాగింది. నేను ఆశ్చర్యపోయి అమ్మకు చెప్పాను. అమ్మ తానూ ఒళ్ళో పెట్టుకుని చూసి, ఆ సాయంత్రమే అక్కకు తేల్చి చెప్పేసింది.

"బిడ్డను కొన్ని దినాలు రాయికోడ్ల మీ మేనత్త కాడ ఉంచుదం. నీ మొకం జూసే బెదురుతుంది పిల్ల."

ఎన్ని నెలలుగానో నాలుగు మాటలు కలిపి మాట్లాడని అక్క బిడ్డను గుండెకు అదుముకుంది. "ఆయన పాయె. దీన్ని గూడ తీస్కపోతే నేనేం జూస్కొని బతకాలె అమ్మా? జర ఆగు. నా మొకం నేనే మార్చుకుంట."

మరునాటి నుంచి పాపనెత్తుకుని గడప మీద కూర్చోవడం మొదలుపెట్టింది. లారీ రాగానే పెదవులు సాగదీసి, "అగో లారీ! టాటా జెప్పు బిడ్డా" అనేది. పాప మోసపోలేదు. పెదవుల నవ్వును కాదు, వణికే చేతులను, బెదిరిన కళ్ళను నమ్మి ఎప్పటిలాగే ఏడ్చేది. చూసి చూసి అమ్మ రాయికోడ్‌కు కబురు పంపి, పాప బట్టలు మూట గట్టింది.

ఆ సాయంత్రం అక్క ఓడిపోయినదానిలా గడప మీద కూర్చుంది. లారీ వచ్చింది. ఈసారి నవ్వలేదు, ఏమీ చెప్పలేదు, కళ్ళనిండా నీళ్ళే గానీ బెదురు లేదు, ఊరికే చేయెత్తింది. పాప ఆ ముఖంలోకి తేరిపార చూసింది. తరువాత లారీ వైపు తిరిగి, తానూ పిడికిలి పైకెత్తి, విప్పి, మూసింది. ఆ డ్రైవరు ఎవరో గానీ కిటికీలోంచి చేయి ఊపాడు. అక్క పక్కుమని నవ్వింది. బావ పోయాక మేము వినని నవ్వు అది. ఏడుస్తూనే నవ్వింది. తల్లిని చూసి పాపా నవ్వింది. మరునాడు వచ్చిన మేనత్త మా ఇంట్లో భోంచేసి, ఒక్కతే బస్సెక్కింది.

ఆ తరువాత అక్క బిడ్డ ముందు ముఖం ఎన్నడూ చెదరనివ్వలేదు. దుఃఖం పొంగుకొస్తే పెరట్లోకి వెళ్ళి, ముఖం కడుక్కుని వచ్చేది. పాప భయమంటే ఏమిటో తెలియకుండా పెరిగి, అదే రోడ్డు మీద బస్సుల్లో తిరిగి చదువుకుని టీచరైంది.

అక్క పోయి రెండేళ్ళయింది. దినాలనాడు ఆ పిల్ల నా పక్కకు వచ్చి కూర్చుని, ఎప్పటినుంచో అడగలేకపోయిన మాట అడిగింది. "చిన్నమ్మా, అమ్మకు నాయన మీద పాణం లేకుండెనా? ఒక్కనాడు గూడ ఆయన కోసం ఏడ్వంగ నేను జూడలె."

నేను ఇదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నది. ఆ తరువాత తల్లి ఫొటో ముందు కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు.

ఇప్పుడు లారీలు ఊరి బయటి నుంచే పోతున్నాయి, మా గడప ముందు దుకాణాలు లేచాయి. ఈ కాలం తల్లులు పిల్లల ముందు ఏడుస్తారు, ఎందుకు ఏడుస్తున్నారో కూడా వాళ్ళకు చెబుతారు. మంచిదే. అలా చెప్పవచ్చునని మా అక్కకు చెప్పేవాళ్ళు ఆ రోజుల్లో ఎవరూ లేకపోయారు.